పరాయి జీవజాతులన్నీ హానికరమా? విశాఖ నుంచి చూస్తే ఈ వాదన వెనుక కథ

విశాఖపట్నంలో రోడ్ల పక్కన, డివైడర్ల మీద పెంచిన చెట్లలో రెండింటి గురించి కొన్నేళ్లుగా ఫిర్యాదులు వినిపిస్తున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని పచ్చదనాన్ని నేలకూల్చిన తరువాత, త్వరగా ఏపుగా ఎదిగే మొక్కల కోసం వెతుకులాట పెరిగింది. ఆఫ్రికా, అమెరికా తీరాల నుంచి వచ్చిన కోనోకార్పస్ ఆ రెండింటిలో ఒకటి. దాని పుప్పొడి అలర్జీ తెస్తుందని, వేర్లు పైపులైన్లను దెబ్బతీస్తాయని జనం ఆందోళన చెందుతున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది కూడా. రెండవది ఏడాకుల పాల. చలికాలం మొదట్లో గుత్తులు గుత్తులుగా పూసి, పొద్దుగూకాక వీధంతా ఘాటైన వాసన నింపే ఈ చెట్టు ఆయాసం ఉన్నవారికి నరకం చూపిస్తోందన్నది దానిపై ఆరోపణ. అయితే ఏడాకుల పాల పరాయిది కాదు, మన దేశపు అడవుల్లో సహజంగా పెరిగే చెట్టే. పరాయి జీవజాతులు నిజంగా హానికరమా కాదా అని ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తల మధ్య నడుస్తున్న వివాదం ఈ రెండు చెట్ల మధ్య దాదాపు పూర్తిగా ఇమిడిపోతుంది.

పుట్టిన చోటును బట్టి మొక్కను తప్పుపట్టడం మొదలుపెడితే తెలుగువారి వంటింట్లో మిగిలేది తక్కువ. మిరప, జీడిమామిడి అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ద్వారా వచ్చినవే. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తాకు వెళ్ళకముందు సామర్లకోట తోటలో కాఫీ వంటి పరదేశపు పంటలను పెంచి చూశాడు. అరకు కొండల్లో నేడు గిరిజన రైతులకు ఆదాయమిస్తున్న కాఫీ మూలం ఇథియోపియా, దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ మూలం ఆస్ట్రేలియా. వీటిలో ఏదీ తనంతట తాను అడవిని ఆక్రమించి ఇతర మొక్కలను తొక్కిపెట్టిందన్న పేరు తెచ్చుకోలేదు. ప్రపంచం మొత్తం మీద లెక్క కూడా ఇలాగే ఉంది. జీవవైవిధ్యంపై ప్రభుత్వాల మధ్య ఏర్పడిన అంతర్జాతీయ వేదిక ఐపీబీఈఎస్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల వల్ల కొత్త ప్రాంతాల్లో స్థిరపడిన జాతులు 37 వేలకు పైగా ఉండగా, హాని చేస్తున్నట్టు ఆధారాలున్నవి సుమారు 3,500. అయితే ఆ కొద్దిపాటి జాతులు చేసిన పని చిన్నది కాదు. నమోదైన జీవజాతుల అంతర్ధానాల్లో 60 శాతంలో ఒంటరిగానో ఇతర కారణాలతో కలిసో వాటి పాత్ర ఉందని అదే నివేదిక తేల్చింది.

మన దగ్గర ఆ కొద్దిపాటి జాబితాలో చేరినవాటిలో చాలావరకు ఎవరో కోరి తెచ్చినవే కావడం ఈ చరిత్రలో బాధాకరమైన అంశం. లాంటానా అనే పొద 1809 ప్రాంతంలో పూల అందం కోసం కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు చేరింది. సర్కారు తుమ్మ విత్తనాలు వంటచెరకు కొరత తీర్చేందుకు 1877లో కడప ప్రాంతానికి వచ్చాయి. ఈ రెంటిలో సర్కారు తుమ్మ మీద తీర్పు చెప్పడం కష్టం, ఎందుకంటే పొలాలను, చెరువు గర్భాలను ముళ్లకంపతో నింపిన ఆ చెట్టే ఎన్నో పేద కుటుంబాలకు పొయ్యిలో కట్టె, అమ్ముకునేందుకు బొగ్గు అయింది. లాంటానా విషయంలో అంత మొహమాటం అక్కరలేదు. పికిలిపిట్టల వంటివి దాని నల్లని పండ్లు తిని విత్తనాలను దూరదూరాలకు మోసుకుపోతాయి. నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగుళ్లు వేస్తుంది, పశువులు ఆకు తింటే జబ్బు పడతాయి. 2020లో వెలువడిన ఒక అంచనా ప్రకారం దేశంలో లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా అడవి దీని పాలైంది. నగరాన్ని ఆనుకుని ఉన్న కంబాలకొండ అభయారణ్యంలోనూ, సింహాచలం కొండల వాలుల్లోనూ దీని పొదలు కనిపిస్తాయి. వాటి కింద నేల మీద వెలుతురు పడదు, గడ్డి మొలవదు.

ఈ ప్రమాదాన్ని ఒక శాస్త్ర విషయంగా నిలబెట్టినవాడు బ్రిటిష్ పరిశోధకుడు చార్లెస్ ఎల్టన్. 1958లో ఆయన రాసిన పుస్తకం పరాయి జాతుల రాకను దండయాత్రలతో పోల్చింది. ఆ యుద్ధభాష తరువాతి తరాల ఆలోచనలో స్థిరపడింది. 1992లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం ఇలాంటి జాతుల రాకను నివారించాలని, వచ్చినవాటిని అదుపు చేయాలని సభ్యదేశాలను కోరింది. దీనికి గట్టి ఎదురువాదం 2011లో వచ్చింది. మార్క్ డేవిస్‌తో పాటు మరో 18 మంది పర్యావరణ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాస్తూ, జీవిని అది పుట్టిన చోటును బట్టి కాక, అది చేసే పనిని బట్టి అంచనా వేయాలన్నారు. వెంటనే డేనియల్ సింబర్‌లాఫ్‌తో సహా 141 మంది శాస్త్రవేత్తలు జవాబిచ్చారు. తామెవరూ పరాయివన్నిటినీ ద్వేషించడం లేదని, కొన్ని జాతుల హాని అవి వచ్చిన దశాబ్దాల తరువాత గాని బయటపడదని, అప్పటిదాకా ఆగితే చేయగలిగేది ఉండదని వారి వాదన.

మరో ప్రశ్నను కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల సోలిగ గిరిజనులు ముందుకు తెచ్చారు. తాము ఏటా ఎండాకులకు పెట్టే చిన్నపాటి నేలమంటలను నిషేధించాకే లాంటానా అడవిని కమ్మిందని వారు చెబుతారు. అదే నిజమైతే అడవి మారడానికి లాంటానా ఒక్కటే కారణం కాదు, మారిన అడవి దానికి దారి ఇచ్చింది కూడా. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం.

పరాయి జాతి హాని చేస్తుందన్న వాదనకూ, దానికి దారి మనమే ఇచ్చామన్న వాదనకూ విశాఖ ఓడరేవులోనే సాక్ష్యం ఉంది. కరీబియన్, మెక్సికో సింధుశాఖ తీరాలకు చెందిన మైటిలాప్సిస్ సాలీ అనే చిన్న ఆల్చిప్ప జాతి 1967లో ఇక్కడ కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో దీనిని నమోదు చేశారు. పొడవు రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించని ఈ జీవి, సన్నని తంతువులతో ఓడ అడుగుకో, కాంక్రీటు గోడకో, సాటి ఆల్చిప్ప వీపుకో అంటుకుని పొరమీద పొరగా గుత్తి కడుతుంది. అలా గుత్తి కట్టిన చోట అంతకుముందు పెరిగే ఇతర జీవులకు నిలువడానికి జాగా ఉండదు. ఓడల అడుగున పేరుకుని వేగాన్ని తగ్గిస్తుంది, నీటి పైపులను మూసేస్తుంది. దీనికి కావలసింది అలల తాకిడి లేని, మంచినీరూ ఉప్పునీరూ కలిసే మూసుకున్న జలాలు. మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే, నగర మురుగు చేరే ఇన్నర్ హార్బర్ సరిగ్గా అలాంటిదే. 1933లో రేవు తెరిచేందుకు మనుషులు మడభూమిని తవ్వి మార్చిన చోటు కాబట్టి, దారి మనమే వేశామన్న సోలిగల మాట ఇక్కడా వర్తిస్తుంది.

కానీ ఇదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో కనిపించినప్పుడు జరిగింది వేరు. ఆరు నెలల ముందు తనిఖీలో ఒక్కటీ లేని కల్లెన్ బే మెరీనాలో (పడవలు నిలిపే చిన్న రేవులో) చదరపు మీటరుకు పది వేలకు మించి పేరుకున్నాయి. అధికారులు గేట్లు మూసి, నీటిలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపి, పడవలన్నిటినీ వెతికి, నెల తిరిగేలోపు దానిని నిర్మూలించారు. ఖర్చు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది, ఆ నీటిలోని తక్కిన జీవులూ చచ్చిపోయాయి. నష్టం రుజువయ్యేదాకా ఆగివుంటే ఆ అవకాశం చేజారేది. విశాఖలో ఆ ఆల్చిప్ప ఉనికి పత్రికకెక్కేసరికే నాలుగేళ్లు గడిచాయి, అది స్థిరపడిపోయింది.

కాబట్టి ఇప్పటికే వేళ్లూనుకున్న జాతుల విషయంలో డేవిస్ బృందం మాటే సబబని నా అభిప్రాయం. కోనోకార్పస్ అయినా, ఏడాకుల పాల అయినా, సర్కారు తుమ్మ అయినా, ఎక్కడ ఎవరికి ఎంత హాని చేస్తోందో చూసి నిర్ణయించాలి. కంబాలకొండలో లాంటానాను తొలగించదలిస్తే మొదలు కింది భాగంతో సహా పెకలించి, ఆ ఖాళీలో వెంటనే గడ్డి, స్థానిక మొక్కలు నాటాలి. లేకుంటే రెండు వానాకాలాల్లో పొదలు తిరిగి లేస్తాయి. ఇంకా గుమ్మం దాటని జాతుల విషయంలో మాత్రం సింబర్‌లాఫ్ పక్షమే సరైనది. ఓడలు బరువు కోసం ఒక సముద్రంలో నింపుకుని మరో సముద్రంలో వదిలే నీటిని శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరినా, అమలులోకి వచ్చింది 2017 సెప్టెంబరు 8న. ఓడల అడుగున అతుక్కుని వచ్చేవాటికి ఆ ఒప్పందం వర్తించదు. విశాఖ లాంటి రేవులో బెర్తుల గోడలను, లంగరు గొలుసులను క్రమం తప్పకుండా తనిఖీ చేయించి, కొత్త జాతి కనబడిన రోజే ఎవరికి తెలపాలో ముందే నిర్ణయించి ఉంచడం అందుకే అవసరం.