కోపం లేస్తే చెయ్యి వెనక్కి: ఒకినావా కరాటేలో ఆత్మరక్షణ, అపోహలు – వాస్తవాలు

పిల్లవాడిని కరాటేలో చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు నన్ను మొదట అడిగే ప్రశ్న, "మాస్టారూ, మావాడు ఎన్నాళ్లకు ఎదురు కొట్టగలుగుతాడు?" అన్నది. బిడ్డ బయట దెబ్బలు తిని ఇంటికి రాకూడదన్న ఆరాటంలో తప్పేమీ లేదు. అయితే నేను నేర్చుకుని నేర్పుతున్న గోజు-ర్యూ వంటి, జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల కరాటే శాఖలలో ఆత్మరక్షణ దెబ్బతో మొదలుకాదు. ఇరవై ఏళ్లకు పైగా దోజోలో, అంటే శిక్షణశాలలో, వింటున్న కొన్ని అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: "కరాటేలో మొదటి దెబ్బ లేదు" అంటే ఎదుటివాడు కొట్టేదాకా ఆగాలి.

"కరాటే ని సెంటే నాషి" అన్న ఈ మాట, షురి పట్టణంలో పుట్టి 1922లో టోక్యోకు వెళ్లి అక్కడ కరాటే నేర్పిన ఫునాకోషి గిచిన్ (1868–1957) ఇరవై సూత్రాలలో రెండవది. కమకురాలోని ఎంగకుజీ ఆలయంలో దీన్ని రాతి మీద చెక్కించారు కూడా. అయితే అదే ఒకినావాకు చెందిన, నిజమైన కొట్లాటలలో ఆరితేరినవాడిగా పేరుపడ్డ మోటోబు చోకి, ఈ మాటను అక్షరాలా పట్టుకుంటే పొరపాటేనని స్పష్టంగా చెప్పాడు. అకారణంగా ఎవరికీ హాని చేయకూడదన్నదే దాని భావమనీ, తప్పించుకునే దారి లేనప్పుడు ముందుగా కదలడం తప్పు కాదనీ ఆయన అభిప్రాయం. ఇద్దరి మాటలకూ వైరుధ్యం ఉందని నేను అనుకోను. ఇక్కడ "ముందు" అన్నది పిడికిలి కదిలిన క్షణానికి సంబంధించినది కాదు, గొడవను ఎవరు తెచ్చారన్న దానికి సంబంధించినది. ఒకడు దారి అడ్డగించి, మీదికి వస్తూ, భుజం వెనక్కి లాగి చెయ్యి ఎత్తుతున్నాడంటే దాడి అప్పటికే మొదలైనట్టు. ఆ చెయ్యి మన ముఖానికి తగిలేదాకా వేచి ఉండమని ఏ గురువూ చెప్పలేదు. మాటతో పోయేదాన్ని చేతిదాకా తెచ్చినవాడు మాత్రం, దెబ్బ రెండోదే వేసినా, ఈ సూత్రాన్ని తప్పినట్టే.

అపోహ: కటాలలో, అంటే ఒంటరిగా వరుసగా చేసే నిర్ణీత కదలికలలో, కనిపించేవన్నీ "బ్లాకులు", అంటే దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టడాలు.

మన దేశంలో ఇంగ్లీషు పుస్తకాల ద్వారా కరాటే నేర్చుకున్న తరం మాది కాబట్టి ఈ పొరపాటు మాలో లోతుగా నాటుకుపోయింది. నేనూ చాలాకాలం అలాగే నేర్పాను. ఈ కదలికలకు జపనీస్‌లో ఉన్న పేరు "ఉకే". ఆ మాట "అందుకోవడం, స్వీకరించడం" అన్న అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. వచ్చే బలాన్ని అందుకుని, దాని దారి మళ్లించి, ఎదుటివాడి చెయ్యి మన అదుపులోకి వచ్చేలా చేయడమే ఉకే. నడుము దగ్గరికి లాగే రెండో చెయ్యి, అంటే హికిటే, కూడా అలంకారం కాదు. ఎదుటివాడి మణికట్టును గుప్పిట్లోకి తీసుకుని, చిటికెన వేలి వైపు బిగించి, పిడికిలిని తిప్పుతూ నడుము దాకా లాగి చూడండి: అతని భుజం ముందుకు వంగుతుంది, ఒంటి బరువంతా ముందరి కాలి మీదికి వస్తుంది, రెండో చెయ్యి ఎత్తాలన్నా నిలదొక్కుకునే వీలు ఉండదు. ఆ స్థితిలో అతన్ని కొట్టవచ్చు, కొట్టకుండా కింద కూర్చోబెట్టవచ్చు, తోసేసి వెళ్లిపోవచ్చు. ఎంత హాని చేయాలో ఎంచుకునే వీలు ఉన్నప్పుడే నిగ్రహం అన్న మాటకు అర్థం ఉంటుందని నా నమ్మకం. అడ్డం పెట్టడం, ఎదురు కొట్టడం తప్ప మరేమీ తెలియనివాడికి ఆ ఎంపికే ఉండదు.

అపోహ: ఆయుధాలు లేని రైతులు సమురాయ్‌లను ఎదిరించడానికి కరాటేను కనిపెట్టారు, లేదా కాంచీపురం నుంచి వెళ్లిన బోధిధర్ముడు దాన్ని నేర్పాడు.

1609లో దక్షిణ జపాన్‌కు చెందిన సత్సుమా వంశం ర్యూక్యూ రాజ్యాన్ని, అంటే అప్పటి ఒకినావాను, లొంగదీసుకున్నది నిజమే. కానీ మనకు పేర్లు తెలిసిన పాత గురువులలో ఎక్కువమంది రైతులు కారు, పేచిన్ అనే అధికార వర్గంవారు. మత్సుమురా సోకోన్ రాజుల కొలువులో పనిచేశాడు. ఆయన శిష్యుడు ఇటోసు అంకో ఆస్థానంలో లేఖకుడు. ఊళ్లో శాంతిని కాపాడవలసిన ఉద్యోగులకు, గొడవను పెంచకుండా ఆపడం వృత్తిధర్మం కాబట్టి, ఈ విద్యలోని సంయమనం అక్కడి నుంచి వచ్చిందనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. బోధిధర్ముడి విషయానికొస్తే, ఆయన పేరుతో చెలామణి అయ్యే వ్యాయామ గ్రంథం 17వ శతాబ్దానిది, అంటే ఆయన కాలానికి వెయ్యేళ్లకు పైగా తరువాతిది. ఇటోసు 1908లో రాసిన ప్రసిద్ధ లేఖ, కరాటే బౌద్ధం నుంచో కన్ఫ్యూషియస్ మతం నుంచో పుట్టలేదన్న వాక్యంతోనే మొదలవుతుంది. ఆ లేఖలోని మొదటి సూత్రం మరీ ముఖ్యం: ఈ విద్య ఒంటరి ప్రత్యర్థితో తలపడడానికి కాదు, దొంగో రౌడీయో ఎదురైతే వీలైనంతవరకు తప్పించుకోవాలి, పిడికిలితో, కాలితో మనుషులను గాయపరచకూడదు.

అపోహ: కోపం ఉంటేనే దెబ్బలో బలం ఉంటుంది.

ఒకినావాలోని ఇటోమాన్ అనే ఊళ్లో హకుగిందో అన్న గుడి ఉంది. దాని గురించి అక్కడివారు చెప్పుకునే కథ ఇది. సత్సుమా నుంచి అప్పు వసూలుకు వచ్చిన ఒక సమురాయ్, బాకీ తీర్చలేక దాక్కున్న జాలరిని పట్టుకుని కత్తి దూస్తాడు. అప్పుడా జాలరి, "కోపం లేస్తే చెయ్యి వెనక్కి తీసుకో, చెయ్యి లేస్తే కోపాన్ని వెనక్కి తీసుకో" అన్న పాత మాటను గుర్తుచేయగా, సమురాయ్ గడువిచ్చి వెళ్లిపోతాడు. తన ఊరు చేరిన రాత్రి, భార్య పక్కన ఎవరో మగవాడు పడుకుని ఉండటం చూసి మళ్లీ కత్తి మీద చెయ్యి వేస్తాడు. ఆ మాట గుర్తొచ్చి ఆగి, దగ్గరికి వెళ్లి చూస్తే, ఆ మనిషి దొంగలు రాకుండా మగవేషం వేసుకుని కోడలికి తోడు పడుకున్న తన తల్లి.

ఒకినావా కరాటేవారు ఈ మాటను తమదిగా చేసుకున్నారు. మా గోజు-ర్యూ వ్యవస్థాపకుడు మియాగి చోజున్ (1888–1953) చెప్పినట్టుగా మేము వల్లించే మాట కూడా ఆ దారిలోదే: ఒకరి చేత దెబ్బ తినకుండా, ఒకరిని కొట్టకుండా, గొడవే లేకుండా ఉండటం మూలం. ఇది ఉపదేశం మాత్రమే కాదు, సాధనలో కంటికి కనిపించేది. కోపంతో ఉన్నవాడి భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి ఛాతీలోనే ఆగిపోతుంది, చూపు ఒక్కచోటే అతుక్కుంటుంది. మా తరగతిలో ఒక ఇంటర్ అమ్మాయి మణికట్టును తోటి విద్యార్థి గట్టిగా పట్టుకున్నప్పుడు, ఆమె కోపంతో రెండుమూడుసార్లు వెనక్కి గుంజి అలసిపోయింది. ఊపిరి మీద దృష్టిపెట్టే సాంచిన్ కటాలోలాగా ఊపిరి పొట్టలోంచి వదిలి, భుజం దించి, మోచేతిని తన పక్కటెముకల దగ్గరికి తెచ్చి, అతని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందు వైపు మణికట్టును తిప్పమన్నాను. పట్టు వెంటనే జారిపోయింది.

అపోహ: పోటీలలో పతకాలు గెలిచినవాడికి ఆత్మరక్షణ వచ్చినట్టే.

టోక్యో ఒలింపిక్స్‌లో కటా స్వర్ణం గెలిచిన కియునా ర్యో ఒకినావావాడే. ఆ సాధన అంటే నాకు ఎంతో గౌరవం. కానీ పోటీలో నియమాలు, రిఫరీ, దూరం ముందే తెలిసి ఉంటాయి. వీధిలో అవేవీ ఉండవు. అక్కడ గెలుపంటే ఇంటికి చేరడం.

అపోహ: బ్లాక్ బెల్ట్ ఉన్నవారు ఆత్మరక్షణకు కూడా కొట్టకూడదు, చేతులను పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి.

అలాంటి చట్టమేదీ లేదు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది, అది అందరికీ వర్తిస్తుంది. అయితే రక్షణకు అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేసే హక్కు లేదని 37వ సెక్షన్ చెబుతుంది. ప్రమాదం తప్పిపోయాక పగతో వేసే దెబ్బకు ఈ రక్షణ దొరకదు. అందుకే మా తరగతిలో పట్టు వదిలించుకోగానే అభ్యాసం ముగియదు. ఎదుటివాడి చేతుల మీది నుంచి చూపు తిప్పకుండా, గట్టిగా అరుస్తూ, తలుపు వైపు కనీసం ఐదడుగులు వేస్తేనే ఆ అభ్యాసం పూర్తయినట్టు లెక్క.