క్రియను అడిగితే ప్యాటర్న్ అదే చెబుతుంది: ఇంగ్లిష్ సెంటెన్స్ ప్యాటర్న్స్ మీద అపోహలు - వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో డీఎస్సీ, టెట్ అభ్యర్థులకు ఇంగ్లిష్ గ్రామర్ చెప్పడం నా పని. కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా బోర్డు మీద ఎస్, వి, ఓ, సి, ఏ అని ఐదు అక్షరాలు రాస్తాను. సబ్జెక్ట్, వెర్బ్, ఆబ్జెక్ట్, కాంప్లిమెంట్ (సబ్జెక్ట్ గానీ ఆబ్జెక్ట్ గానీ ఎవరో, ఎలాంటిదో చెప్పేది), అడ్వర్బియల్ (ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని చెప్పేది). ఒక వాక్యానికి వీటిలో ఏవేవి, ఏ వరుసలో కావాలో చెప్పేదే సెంటెన్స్ ప్యాటర్న్. రాయడం అయ్యేలోపే వెనక బెంచీ నుంచి "సార్, షార్ట్‌కట్ చెప్పండి సార్" అని వినిపిస్తుంది. ఆ షార్ట్‌కట్లే అపోహలన్నిటికీ పుట్టిల్లు. వాటిలో ఒకటి నేనే పంచిపెట్టాను కూడా. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

అపోహ: వాక్యం పొడవు పెరిగితే ప్యాటర్న్ కూడా పెద్దదవుతుంది.

ఈ రెండు వాక్యాలు చూడండి. "ద ఓల్డ్ మ్యాన్ ఫ్రమ్ అవర్ లేన్ వాక్స్ స్లోలీ అలాంగ్ ట్యాంక్‌బండ్ ఎవ్రీ మార్నింగ్ విత్ హిజ్ గ్రాండ్‌సన్." రెండోది "హి పుట్ ఇట్ దేర్." మొదటి దాంట్లో పదిహేను మాటలు, రెండో దాంట్లో నాలుగు. మొదటిది ఎస్‌వీ, అంటే అన్నిటికంటే చిన్న ప్యాటర్న్. రెండోది ఎస్‌వీఓఏ.

క్రియ ఎన్ని విస్తళ్లు వేయమంటే అన్నే వేయాలి. "వాక్" అనే క్రియకు నడిచే మనిషి ఒక్కడుంటే చాలు. మెల్లగా నడిచాడా, మనవడితో నడిచాడా అన్నది పిలవకపోయినా వచ్చి కూర్చున్న బంధువుల లెక్క. వాళ్లను లేపేసినా "ద ఓల్డ్ మ్యాన్ వాక్స్" అన్న వాక్యం నిలబడుతుంది. "పుట్" అలా ఊరుకోదు. ఎవరు పెట్టారు, ఏం పెట్టారు, ఎక్కడ పెట్టారు అనే మూడూ కావాలి. "హి పుట్ ఇట్" దగ్గర ఆగిపోతే ఎదుటివాడు మీ మొహం చూస్తూ మిగతా ముక్క కోసం ఎదురుచూస్తాడు.

"అడ్వర్బియల్ వస్తే కొట్టేయాలి, అది లెక్కలోకి రాదు" అనే సూత్రం చెల్లకపోవడానికి కారణమూ ఇదే. "షి లివ్స్ ఇన్ మలక్‌పేట" లోంచి "ఇన్ మలక్‌పేట" తీసేస్తే "షి లివ్స్" మిగులుతుంది. ఆమె కాపురం ఎక్కడో చెప్పాల్సిన వాక్యం ఆమె బతికే ఉందని చెబుతోంది. కాబట్టి ఇది ఎస్‌వీఏ. తీసేసి చూడండి, వాక్యం కుంటితేనో అర్థం మారితేనో అది ప్యాటర్న్‌లో భాగం.

అపోహ: వెర్బ్ తర్వాత వచ్చిన నౌన్ ఆబ్జెక్టే.

నేను పంచిపెట్టింది ఇదే. చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏడాది "వెర్బ్ పక్కన నౌన్ ఉందా, ఆబ్జెక్ట్ అని రాసేయండి" అని ధీమాగా చెప్పాను. కర్మన్‌ఘాట్ నుంచి వచ్చే ఒకమ్మాయి నోట్స్ రాసుకుంటూనే తలెత్తి, "మరి షి బికేమ్ ఎ డాక్టర్ సంగతేంటి సార్? ఆమే డాక్టర్ కదా, ఇంకో మనిషి లేడు కదా" అంది. ఆ రోజు గంట కొట్టడం నా అదృష్టం.

"షి మెట్ ఎ డాక్టర్"లో మనుషులు ఇద్దరు. "షి బికేమ్ ఎ డాక్టర్"లో ఒక్కరే. మొదటిది ఆబ్జెక్ట్, ఎస్‌వీఓ. రెండోది కాంప్లిమెంట్, ఎస్‌వీసీ. పరీక్ష హాల్లో ఇంకో పరీక్ష పెట్టుకోవచ్చు, ప్యాసివ్‌లోకి తిప్పి చూడటం. "ఎ డాక్టర్ వజ్ మెట్ బై హర్" వినడానికి బాగోకపోయినా కుదురుతుంది. "ఎ డాక్టర్ వజ్ బికమ్ బై హర్" అసలు కుదరదు.

చిన్న పిడకలవేట. ఆబ్జెక్ట్ అంటే వస్తువు అని బట్టీ పట్టినవాళ్లు "టీచర్ మనిషి కదా సార్, ఆబ్జెక్ట్ ఎలా అవుతాడు" అని అడుగుతారు. పోనీ కర్మ అందామంటే క్లాసంతా నుదురు కొట్టుకుని నవ్వుతుంది. ఇక ఈ కాంప్లిమెంట్ పొగడ్త కాదు. ఆ కాంప్లిమెంట్ వేరు, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా. ఇది కొరతను పూరించేది.

అపోహ: వెర్బ్ తర్వాత రెండు నౌన్లు ఉంటే ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ (ఎవరికి), డైరెక్ట్ ఆబ్జెక్ట్ (ఏమిటి) అని కళ్లు మూసుకుని రాసేయొచ్చు.

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. అందుకే దీని మీద రెండు క్లాసులు ఖర్చు పెడతాను. బోర్డు మీద ఈ రెండూ పక్కపక్కన రాస్తాను.

షి మేడ్ హర్ సన్ ఎ దోశ.
షి మేడ్ హర్ సన్ ఎ డాక్టర్.

మాటకు మాట ఒకటే వరుస. ఇప్పుడు తెలుగులో చెప్పమంటాను. "కొడుక్కి దోశ వేసింది." "కొడుకుని డాక్టర్ని చేసింది." క్లాసులో ఎవరూ తడుముకోరు. మొదటి దాంట్లో "కి" పడింది, రెండో దాంట్లో "ని" రెండుసార్లు పడింది. ఇంగ్లిష్ దాచిపెట్టిన గుట్టును మన విభక్తి బయటపెట్టేసింది. కొడుకు వేరు, దోశ వేరు, కాబట్టి ఎస్‌వీఓఓ. కొడుకే డాక్టర్, కాబట్టి ఎస్‌వీఓసీ. అనుమానముంటే రెండు నౌన్ల మధ్య "ఈజ్" పెట్టి చూడండి. "హర్ సన్ ఈజ్ ఎ డాక్టర్" అనొచ్చు. "హర్ సన్ ఈజ్ ఎ దోశ" అంటే ఆ తల్లి ఊరుకోదు.

మన భాషలో పని విభక్తిది, ఇంగ్లిష్‌లో పని చోటుది. "పిల్లి ఎలుకను తినేసింది", "ఎలుకను పిల్లి తినేసింది", ఎలా తిప్పినా చచ్చేది ఎలుకే, ఎందుకంటే "ను" దాని మెడలో గంటలా వేలాడుతోంది. ఇంగ్లిష్‌లో రెండు మాటలూ చోటు మార్చుకుంటే ఎలుక వచ్చి పిల్లిని తింటుంది.

అపోహ: అయితే తెలుగులోకి మార్చి చూస్తే చాలు, ప్యాటర్న్ దొరికిపోతుంది.

దోశ క్లాసు అయిన మర్నాడే ఇది పుడుతుంది, తప్పు నాదే. విభక్తి దారి చూపిస్తుంది గానీ అన్నిసార్లూ ఇంటిదాకా తీసుకెళ్లదు. "ఐ ఆస్క్డ్ హిమ్ ఎ క్వశ్చన్" చూడండి. "అతన్ని ఒక ప్రశ్న అడిగాను" అంటాం. "ని" పడింది కదా అని ఎస్‌వీఓసీ అంటే అతనే ప్రశ్న అయిపోతాడు. అది ఎస్‌వీఓఓ. "ఈజ్" పరీక్ష ఉన్నది ఇలాంటి చోట కాపాడటానికే.

మన హైదరాబాద్ ఇంగ్లిష్‌లో రోజూ వినిపించే తప్పుల్లో చాలావాటికి వేరు ఇక్కడుంది. "అతనికి ఫోన్ చేశాను" అని తెలుగులో "కి" వాడతాం కాబట్టి "ఐ కాల్డ్ టు హిమ్" అనేస్తాం. "సికింద్రాబాద్‌కి చేరుకున్నాను" కాస్తా "ఐ రీచ్డ్ టు సికింద్రాబాద్" అవుతుంది. "దాని గురించి చర్చించాం" వెళ్లి "వి డిస్కస్డ్ అబౌట్ ఇట్" అవుతుంది. "ఆమెతో పెళ్లయింది" వెళ్లి "హి మ్యారీడ్ విత్ హర్" అవుతుంది. ఈ అర్థాల్లో కాల్, రీచ్, డిస్కస్, మ్యారీ నాలుగూ ఎస్‌వీఓ క్రియలు. వాటికీ ఆబ్జెక్ట్‌కీ మధ్య టు, అబౌట్, విత్ దూరడానికి సందు లేదు. "లిజన్" దగ్గర కథ తిరగబడుతుంది. "పాటలు విన్నాను"లో మనకు విభక్తి కనపడదు, అందుకే "ఐ లిజన్డ్ సాంగ్స్" అనేస్తాం. అక్కడ మాత్రం "టు" ఉండి తీరాలి.

దీనికి తోబుట్టువు ఇంకోటుంది. "గివ్ మి", "టెల్ మి", "షో మి" బాగానే ఉన్నాయి కదా అని "ఎక్స్‌ప్లెయిన్ మి దిస్ సమ్", "సజెస్ట్ మి ఎ గుడ్ హాస్టల్" అంటారు. అమీర్‌పేటలో దిగిన ప్రతి కొత్త కుర్రాడూ ఈ రెండో వాక్యం ఎవరినో ఒకరిని అడిగే ఉంటాడు. తెలుగులో "నాకు ఇవ్వు", "నాకు చెప్పు", "నాకు వివరించు" అన్నిటికీ ఒకటే "నాకు". ఇంగ్లిష్‌లో గివ్, టెల్, షో మూడూ ఎస్‌వీఓఓలో ఇముడుతాయి. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ ఇమడవు. "ఎక్స్‌ప్లెయిన్ దిస్ సమ్ టు మి" అనాలి. ఎందుకని అడిగితే ఒక్క ముక్కలో తేల్చే జవాబు నా దగ్గర లేదు. క్రియతో పాటే దాని ప్యాటర్న్ కూడా నేర్చుకోవాలి.

అపోహ: తెలుగు వాక్యాన్ని వెనక నుంచి పేర్చుకుంటూ వస్తే ఇంగ్లిష్ వచ్చేస్తుంది.

మనది కర్త, కర్మ, క్రియ. వాళ్లది కర్త, క్రియ, కర్మ. ఇంతవరకు నిజమే. కానీ "మా నాన్న ఆటో డ్రైవర్" అన్నప్పుడు మనకు క్రియే లేదు, అక్కడ పేర్చడానికి ఏముంది? ఇంగ్లిష్‌లో "ఈజ్" లేనిదే వాక్యం కదలదు. అందుకే చిన్న క్లాసుల పిల్లలు "మై ఫాదర్ ఆటో డ్రైవర్" అంటే నేను కోప్పడను, వాళ్ల తెలుగు పక్కాగా ఉందనుకుంటాను. "నాకు ఆకలిగా ఉంది", "నాకు ఇద్దరు అక్కలు", "నాకు తెలుగు వచ్చు", మూడింటిలోనూ "నాకు"తోనే మొదలుపెట్టాం. ఇంగ్లిష్‌లో మూడింటికీ సబ్జెక్ట్ "ఐ" అయింది గానీ "ఐ యామ్ హంగ్రీ" ఎస్‌వీసీ, "ఐ హావ్ టూ సిస్టర్స్" ఎస్‌వీఓ, "ఐ నో తెలుగు" ఎస్‌వీఓ. పేర్పు ఒక్కదానితో ఇక్కడిదాకా రాలేం.

అపోహ: ప్యాటర్న్స్ ఐదే. కాదు ఏడు. కాదు ఇరవై ఐదు.

ఎవరి గైడు వారిది. 1904లో ఇంగ్లిష్ వ్యాకరణవేత్త సి.టి. ఆనియన్స్ ఐదు రూపాలుగా విడగొట్టాడు. 1954లో నిఘంటుకారుడు ఎ.ఎస్. హార్న్‌బీ ఒక్క క్రియలకే 25 నమూనాలు ఇచ్చాడు. 1985లో భాషావేత్త రాండాల్ఫ్ క్వర్క్ బృందం రాసిన పెద్ద ఇంగ్లిష్ వ్యాకరణంలో ఏడున్నాయి. నేను చెప్పేది ఈ ఏడే: ఎస్‌వీ, ఎస్‌వీఓ, ఎస్‌వీసీ, ఎస్‌వీఏ, ఎస్‌వీఓఓ, ఎస్‌వీఓసీ, ఎస్‌వీఓఏ. ఐదు అన్నవాళ్ల లెక్కలో "ఏ" ఉన్న రెండూ విడిగా కనపడవు, అంతే తేడా. ఒకే గుడ్డను ఒకరు ఐదు ముక్కలు చేశారు, ఇంకొకరు ఏడు. మీ సిలబస్ ఏ లెక్క అడిగితే ఆ లెక్క రాయండి, దీని మీద టీ కొట్టు దగ్గర గొడవలు అనవసరం.

అపోహ: ఒక క్రియకు ఒకటే ప్యాటర్న్.

క్లాసుకు మెట్రోలో వచ్చేవాళ్లను అనౌన్స్‌మెంట్ జాగ్రత్తగా వినమంటాను. "డోర్స్ విల్ ఓపెన్ ఆన్ ద లెఫ్ట్" అంటే ఎస్‌వీ, తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఎడమ వైపు అన్నది అదనపు సమాచారం. ఇంటికెళ్లి "ఓపెన్ ద డోర్" అని అరిస్తే అది ఎస్‌వీఓ, సబ్జెక్ట్ "యూ" దాక్కుని ఉంది. మనకు "తెరుచుకొను", "తెరుచు" అని రెండున్నాయి కాబట్టి తేడా మాటలోనే తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌కు ఒక్క "ఓపెన్"తోనే సరి.

ఇక "గెట్" సంగతి చెప్పకపోతే క్లాసు పూర్తవదు. "ఐ గాట్ ఎ టికెట్" ఎస్‌వీఓ. "ఐ గాట్ వెట్" ఎస్‌వీసీ. "ఐ గాట్ టు ఎల్బీ నగర్" ఎస్‌వీఏ. "ఐ గాట్ మై సిస్టర్ ఎ ఫోన్" ఎస్‌వీఓఓ. "ఐ గాట్ మై షూస్ వెట్" ఎస్‌వీఓసీ. "ఐ గాట్ ద కిడ్స్ ఇంటు ద ఆటో" ఎస్‌వీఓఏ. ఏడింట్లో ఆరు. జులైలో వాన పడ్డ సాయంత్రం కోఠిలో షాపింగ్ చేసి ఇల్లు చేరిన ఎవరి కథైనా ఈ ఆరు వాక్యాల్లో సరిపోతుంది.

బ్యాచ్ చివరి రోజు ఒక వాక్యం ఇచ్చి ప్యాటర్న్ రాయమంటాను. "ఐ ఫౌండ్ హర్ ఎ గుడ్ టీచర్." సగం మంది ఎస్‌వీఓఓ రాస్తారు, ఆమె కోసం ఒక మంచి టీచర్‌ని వెతికిపెట్టాను అని. సగం మంది ఎస్‌వీఓసీ రాస్తారు, ఆమే మంచి టీచర్ అని నాకు తెలిసింది అని. పక్కవాడి పేపర్ చూసి దిద్దుకునేవాళ్లు కొందరు. నేను మార్కు వేసేది రెండూ రాసిన వాళ్లకే.