హైకోర్టు గుంటూరుకు ఎందుకెళ్లింది? 1953లో సీమ కోరుకున్నదేమిటి?

కర్నూలులో హైకోర్టు బెంచి, అంటే అసలు హైకోర్టు వేరేచోట ఉండగా ఇక్కడ నడిచే శాఖ, మాట మళ్లీ రాజుకుంది. పొట్టి శ్రీరాములు దీక్ష, నెహ్రూ ప్రకటన అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఇప్పటి తగువుకు ముడి పడింది 1953లో. మద్రాసు నుంచి విడిపోతున్న ఆంధ్ర రాష్ట్రంలో రాజధాని కావాలా, హైకోర్టు కావాలా అని సీమ తేల్చుకోవాల్సి వచ్చిన ఏడాది అది.

కోరుకునే హక్కు శ్రీబాగ్ ఒప్పందం నుంచి వచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన మాట అది. రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండకూడదు. ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో ఉండాలి. ఏది కావాలో ముందు సీమవాళ్లే చెప్పాలి. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు లాంటివాళ్లు పట్టుబట్టి సాధించుకున్న మాట ఇది. చివర్లో ఇంకో వాక్యం ఉంది: అందరూ ఒప్పుకుంటే ఈ షరతులను మార్చుకోవచ్చు. దాన్ని గుర్తుపెట్టుకోండి.

1953లో కమ్యూనిస్టులు రాజధానిగా విజయవాడ కావాలన్నారు. రైలు జంక్షను, నడిమధ్య ఊరు, వాళ్ల వాదన తీసిపారేసేదేమీ కాదు. అయినా సీమ రాజధానినే కోరుకుంది. బళ్లారి పట్టణం, హోస్పేట దగ్గర కట్టిన తుంగభద్ర డ్యామ్ మైసూరు వైపు పోయాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రమే ఇటు వచ్చాయి. అంత పోయాక, చేతికందే పెద్ద వస్తువును పట్టుకోవడం తప్పని ఎవరనగలరు?

 అదే ఏడాది అక్టోబరు 1న నెహ్రూ కర్నూలు వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. భవనాలు చాలక డేరాలు వేసి ఆఫీసులు నడిపారు. మరుసటి ఏడాది జులైలో హైకోర్టు గుంటూరులో మొదలైంది. కోరుకున్నది కర్నూలుకు వచ్చింది కాబట్టి రెండోది అటు పోవడం న్యాయమే.

కానీ మూడేళ్లకే, 1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ కావడంతో రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. వెనకాలే హైకోర్టూ వెళ్లింది. ఆ కలయికకు ముందు రెండు వైపుల నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు రక్షణలు రాసుకున్నారు. సీమకు శ్రీబాగ్‌లో రాసిచ్చిన దాన్ని మళ్లీ రాయాలని ఎవరికీ తట్టలేదు. విశాలాంధ్రకు, అంటే ఈ కలయికకు, ఆంధ్ర అసెంబ్లీ ఒప్పుకుంది కదా, అందులో సీమ సభ్యులూ ఉన్నారు కదా అని అటువైపు వాళ్లు అంటారు. శ్రీబాగ్‌లోని ఆ చివరి వాక్యం వాళ్లకు అక్కడ పనికొస్తుంది. పైగా కొత్త రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డిది మన అనంతపురం జిల్లానే. మనవాళ్లే ఊరుకున్నారన్న మాటకు జవాబు చెప్పడం కష్టం. కానీ హైదరాబాదుకు ఒప్పుకోవడం, సీమ వాటాను వదులుకోవడం రెండూ ఒకటేనా?

2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని అమరావతి అయింది. 2019 జనవరి 1 నుంచి హైకోర్టూ అక్కడే. 2020లో కర్నూలును న్యాయ రాజధాని అంటూ చేసిన చట్టాన్ని మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. బెంచి ఏర్పాటుకు 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. రాత్రి బస్సెక్కి వాయిదాలకు తిరిగే కక్షిదారుకు బెంచి వచ్చినా మేలే. అయితే శ్రీబాగ్‌లో రాసుకున్నది బెంచి కాదు, హైకోర్టు.