కడప పాస్, కర్నూలు ఫెయిల్

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్ ఉంది. ఒక మాట ఇచ్చి, ఇందులో అన్నీ అక్షరాలేనా అని అడిగితే ట్రూ అనో ఫాల్స్ అనో చెబుతుంది. మన రాయలసీమ ఊళ్ల పేర్లు తెలుగులో టైప్ చేసి దానికి ఇచ్చి చూడండి. కడపకు ట్రూ వస్తుంది. కర్నూలుకు, అనంతపురానికి ఫాల్స్ వస్తుంది.

దీనికి కారణం, కంప్యూటర్ కోసం ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో ఉంది. అందులో 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు తెలుగుకు కేటాయించారు. అచ్చులు, హల్లులు అక్షరాల తరగతిలోకి వస్తాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా మాత్రం వేరే తరగతి. వాటిని అక్షరానికి తగిలే గుర్తులుగా లెక్కిస్తారు. తలకట్టుకు విడిగా సంఖ్య లేదు కాబట్టి కడప అంటే మూడు హల్లులే. అదే కర్నూలు మన కంటికి మూడు అక్షరాలైనా కంప్యూటర్‌కు ఏడు: క, ర, పొల్లు, న, దీర్ఘపు కొమ్ము, ల, కొమ్ము. పొల్లు కనబడగానే ఇజ్‌ఆల్ఫా ఫాల్స్ అంటుంది. అనంతపురానికి సున్నా దగ్గరే దెబ్బ పడుతుంది.

దరఖాస్తు ఫారంలో పేరు సరిచూడటానికి ఈ ఫంక్షన్ పెట్టారనుకోండి. గుణింతం, ఒత్తు, సున్నా లేని తెలుగు పేర్లు ఎన్ని ఉంటాయి? సొంత పేరు సొంత లిపిలో రాసినవాళ్లకు "చెల్లని అక్షరాలు" అని ఎర్రటి సందేశం కనిపిస్తుంది. ఇది చిన్న విషయమని నేను అనుకోను. రాసినవాళ్లు తప్పు తమదే అనుకుని ఇంగ్లిషులోకి మారిపోతారు.

అక్షరాలను ఇలా సరిచూడటం పాత పనే. సీ భాషలో ఎస్‌టీఆర్‌ఎస్‌పీఎన్ అనే ఫంక్షన్‌కు ఒక మాట, అనుమతించిన అక్షరాల జాబితా ఇస్తే, మొదటి నుంచి ఎంతవరకు అన్నీ జాబితాలోనివే ఉన్నాయో లెక్కపెట్టి చెబుతుంది. ఆ లెక్క మాట పొడవుతో సమానమైతే మాట చెల్లుతుంది. పైథాన్‌లో ఒక్కో అక్షరం జాబితాలో ఉందా అని లూప్‌లో చూసినా ఇదే పని అవుతుంది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే దేన్ని రానివ్వాలో మనమే నిర్ణయిస్తాం. వద్దనుకున్నవి ఏరి ఆపాలని చూస్తే ఏదో ఒకటి తప్పించుకుని లోపలికి వస్తుంది.

తెలుగు పేర్లకు జాబితా రాసేటప్పుడు అక్షరాలతో పాటు గుర్తులనూ చేర్చాలి. ఇంటిపేరు పొడి అక్షరాల కోసం చుక్క, ఖాళీ కూడా ఉండాలి. చాలామంది మరిచేది ఇంకొకటుంది. సురేశ్‌కుమార్ అని రాసినప్పుడు శ కింద క ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. దాని సంఖ్య 8204, అంటే తెలుగు స్థానాలకు చాలా దూరం. దాన్ని వదిలేస్తే ఇలాంటి పేర్లన్నీ ఆగిపోతాయి. కారణమేమిటో తెరమీద చూసి ఎవరూ కనిపెట్టలేరు.

అంకెల దగ్గర సమస్య తిరగబడుతుంది. అన్నీ అంకెలేనా అని చూసే ఇజ్‌డిజిట్ ఫంక్షన్ తెలుగు అంకెలనూ ఒప్పుకుంటుంది. కర్నూలు పిన్‌కోడ్ 518001ని ౫౧౮౦౦౧ అని రాసినా ట్రూ అనే అంటుంది. సంఖ్యగా మారిస్తే రెండూ ఒకటే, కానీ డేటాబేస్‌లో అక్షరాలుగా దాచుకుంటే రెండు వేర్వేరు పిన్‌కోడ్‌లవుతాయి. అందుకని ఇజ్‌డిజిట్‌తో పాటు, అన్నీ మామూలు ఇంగ్లిషు కీబోర్డు అక్షరాలు, అంకెలు, గుర్తులేనా అని చూసే ఇజ్‌ఆస్కీ కూడా అడగాలి, లేదా తెలుగు అంకెలను ముందే మామూలు అంకెల్లోకి మార్చి దాచుకోవాలి. రెండో దారిలో రాసినవాళ్లను వెనక్కి పంపే పని ఉండదు.