దూకితే హెడ్డింగు ఎక్కడ ఉండాలి: స్క్రోల్ తగవు వెనక 300 బాడ్ లెక్క

కోడూ, టెక్స్టూ రాసే ఎడిటర్ ప్రోగ్రాములు వాడేవాళ్ల మధ్య పాత తగవు మళ్లీ రాజుకుంది. పెద్ద ఫైల్లో ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు దూకినప్పుడు ఆ హెడ్డింగు తెర మీద ఎక్కడ కనిపించాలి? పై అంచునా, నట్టనడుమా, లేక తెరను వీలైనంత తక్కువ కదిలించి అది ఎక్కడ తేలితే అక్కడా? బయటివాళ్లకు ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది. రోజంతా పొడుగాటి ఫైళ్లలో అటూ ఇటూ దూకేవాళ్లకు మాత్రం దూకిన ప్రతిసారీ కళ్లతో వెతుక్కోవడం పెద్ద బాధ.

నడుమ పెట్టడమే సహజమని, దశాబ్దాల అనుభవం తేల్చింది అదేనని ఒక వర్గం అంటోంది. ఆ అనుభవం ఎక్కడ మొదలైందో ఒకసారి చూడాలి.

ఎడిటర్ల పుట్టుక కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. అసలు మలుపు 1976 ప్రాంతంలో అమెరికాలోని బర్కిలీలో వచ్చింది. వీఐ అనే ఎడిటర్ రాస్తున్న బిల్ జాయ్ ముందున్నది ఏడీఎం-3ఏ టెర్మినల్, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌కు తీగతో కలిపిన తెర, కీబోర్డు. 300 బాడ్ మోడెమ్ మీద కూడా వాడుకోగలిగేలా దాన్ని రాయడం ఎంత కష్టమైందో తర్వాత ఆయనే చెప్పారు. 300 బాడ్ అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. తెర మీద 24 లైన్లు, లైనుకు 80 అక్షరాలు, మొత్తం 1,920. నిండా అక్షరాలున్న తెరను మళ్లీ గీయాలంటే 64 సెకన్లు కూర్చోవాలి. అందుకే వీఐలో 'విండో' అని ఒక సెట్టింగు పెట్టారు. వేగం 600 బాడ్ గానీ అంతకు తక్కువ గానీ అయితే 8 లైన్లే గీస్తుంది, 1200 అయితే 16, అంతకు మించితేనే నిండు తెర.

ఆ టెర్మినల్‌కు ఇంకో ఇబ్బంది ఉండేది. అడుగున కొత్త లైను పంపితే పైనున్నదంతా ఒక మెట్టు పైకి జరిగేది. కిందికి జరపడం దానికి చేతకాదు. మధ్యలో లైను చొప్పించడమూ రాదు. అంటే ముందుకు చదవడం చవక. తెర పై అంచు దాటి వెనక్కి ఒక్క లైను పోయినా మొత్తం మళ్లీ గీయాల్సిందే.

ఇప్పుడు దూకడం సంగతి చూడండి. దగ్గరి లైనుకైతే వీఐ కొద్దిగా జరిపి ఊరుకునేది. దూరానికి దూకితే తెర ఎలాగూ మొత్తం గీయాలి. అంత ఖర్చు ఒకసారి పెట్టాక, మళ్లీ పెట్టాల్సిన అవసరం ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలు. చేరిన లైనును పై అంచున పెడితే, మనిషి ఒక్క లైను పైకి పోవాలనుకున్నా మళ్లీ గీసేదాకా ఆగాలి. అడుగున పెడితే కింద ఉన్నదేదీ కనబడదు. నడుమ పెడితే రెండు వైపులా సమానంగా వెసులుబాటు దొరుకుతుంది. నట్టనడుమ అలవాటుకు అన్నిటికన్నా బలమైన కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. అందులో చదివేవాడి కన్ను కంటే తీగ మీద పోయే అక్షరాల ఖర్చుకే ఎక్కువ విలువ దక్కింది.

అవతల ఈమ్యాక్స్‌ అనే ఇంకో ఎడిటర్ వాళ్లకూ ఆ ఖర్చు బెంగ ఉంది. 1981లో జేమ్స్ గాస్లింగ్ తన ఈమ్యాక్స్ కోసం రాసిన అల్గారిదం పనే అది: పాత తెరను కొత్త తెరగా మార్చడానికి అతి చవకైన దారి వెతకడం. ఆ కోడ్ ఎంత చిక్కనిదంటే, దాని మొదట్లో పుర్రె బొమ్మ వేసి మరీ హెచ్చరించారు. తీగలు మారాయి, టెర్మినళ్లు మ్యూజియాలకు పోయాయి. గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారి ఈమ్యాక్స్‌లో కర్సర్ తెర దాటిపోతే ఆ లైనును నడుమకు తేవడం మాత్రం ఈనాటికీ డీఫాల్ట్, అంటే మనం మార్చకపోతే జరిగేది అదే.

సెక్షన్ల విషయంలో ఇది ఎంత ఎదురు తిరుగుతుందో కంట్రోల్-ఎల్ అక్షరం చూపిస్తుంది. ప్రింటరుకు అది 'కొత్త కాగితం ఎక్కించు' అన్న ఆజ్ఞ. ప్రోగ్రామును అర్థవంతమైన చోట్ల ఆ అక్షరంతో పేజీలుగా విడగొట్టమని గ్నూ కోడింగ్ ప్రమాణాలు చెబుతాయి. ఈమ్యాక్స్‌లో పేజీ నుంచి పేజీకి దూకే ఆజ్ఞ వెతికేది దాన్నే. కాగితం మీద ఆ అక్షరం తర్వాతి లైను తప్పకుండా పుట పైభాగానికి వచ్చేది. అదే ఫైల్లో దూకితే ఆ లైను తెర నడుమకు వచ్చి పడుతుంది, పై సగమంతా అయిపోయిన సెక్షన్ తోకే. అప్పుడు సరిచేసుకోవడానికి నొక్కే మీట కూడా కంట్రోల్-ఎల్లే. 2009లో వచ్చిన ఈమ్యాక్స్ 23 నుంచి దాన్ని వరసగా నొక్కితే లైను నడుమకు, పైకి, అడుగుకు తిరుగుతుంది. వీఐ వారసుడైన విమ్ వాడేవాళ్లు దూకి, వెంటనే జెడ్, టీ నొక్కి లైనును పైకి తెచ్చుకుంటారు. ఇన్నేళ్లుగా చేత్తో చేస్తున్న ఈ సవరణే డీఫాల్ట్ మీద ఫిర్యాదు.

కొత్త తరం తేల్చిందా అంటే, తప్పించుకుంది. 2016లో వచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (కోడ్‌ను విశ్లేషించే ప్రోగ్రాము ఎడిటర్‌తో మాట్లాడే పద్ధతి) ఏ ఫైలు, ఏ లైను అనేదే చెబుతుంది, తెర మీద ఎక్కడ అనేది ఎడిటర్‌కు వదిలేస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్, దానికి అదనపు పనులు చేర్చే ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ల చేతికి నాలుగు దారులిచ్చింది: మామూలు, నడుమ, కనబడకపోతేనే నడుమ, పైన. ఎవరికి తోచింది వాళ్లు ఎంచుకున్నారు. వెబ్ బ్రౌజర్లు మాత్రం మొదటినుంచీ లింకు నొక్కిన హెడ్డింగును పైకే తెచ్చాయి. కదలని మెనూ పట్టీల కింద అది దాక్కుంటుందని తేలాక, పైన కొంత జాగా వదలడానికి వెబ్ పేజీల రూపం తీర్చే భాష సీఎస్ఎస్‌లో 'స్క్రోల్-మార్జిన్' చేర్చారు గానీ, నడుమకు మారలేదు.

నడుమ కావాలనేవాళ్లకూ కారణాలున్నాయి. వెతికిన పదానికీ, తప్పు దొరికిన లైనుకూ చుట్టుపక్కల కనబడాలి. ఫంక్షన్ మీద రాసిన వివరణ తెర పైకి దాటిపోకూడదు. కానీ హెడ్డింగు పదం లాంటిది కాదు, దాని విషయమంతా కిందే ఉంటుంది.

తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లకు ఇంకో తిప్పలు. ఒత్తులూ గుడులూ ఉన్న లైను ఇంగ్లీషు లైను కంటే ఎక్కువ ఎత్తు తీసుకోవచ్చు. రెండూ కలిసిన ఫైల్లో లైన్లు లెక్కబెట్టి 'నడుమ' తేల్చితే అది నిజంగా నడుమ కాదు. పై అంచుకు ఈ పేచీ లేదు.

ఇప్పుడు పైన కావాలనేవాళ్లు అడుగుతున్నది ఇంతే: వెతుకులాటను నడుమనే ఉంచండి, సెక్షన్ దూకుడుకు మాత్రం హెడ్డింగును రెండు మూడు లైన్ల జాగా వదిలి పైకి తెండి. మిగిలిన చిక్కల్లా చివరి సెక్షన్ చిన్నదైతే దాన్ని పైకి తేవడానికి కింద చాలినంత మేటర్ ఉండకపోవడం. బ్రౌజర్ అక్కడే ఆగిపోతుంది. విమ్ ఖాళీ లైన్లను టిల్డే గుర్తులతో నింపి పైకి తెస్తుంది. వీఎస్ కోడ్ కూడా చివరి లైను దాటి స్క్రోల్ చేయనిస్తుంది.