ట్రాక్సియోన్, డీఎస్: రెండు తరాలు, ఒకే ఇంజిను

సిట్రోయెన్ కార్లలో ఏది గొప్ప, 1934 నాటి ట్రాక్సియోన్ అవానా, 1955 నాటి డీఎస్సా? పాత కార్ల అభిమానుల మధ్య ఇది తెగని తగువు. అందానికి ఓటేసేవాళ్లు డీఎస్ వైపే మొగ్గుతారు. చిత్రమేమిటంటే రెండింటి వెనకా ఉన్నది ఆ ఇద్దరే: ఇంజనీరు ఆంద్రే లెఫెవ్ర్, రూపం దిద్దిన ఇటలీ శిల్పి ఫ్లమీనియో బెర్తోని. తేడా అంతా చేతిలో ఉన్న డబ్బులోనూ, దొరికిన గడువులోనూ ఉంది.

కంపెనీ అధిపతి ఆంద్రే సిట్రోయెన్‌కు అప్పు చేయడానికి జంకు లేదు. ఆర్థిక మాంద్యం ముదిరిన 1933లోనే పారిస్‌లోని జావెల్ కర్మాగారాన్ని తిరగకట్టించాడు. అదే ఏడాది లెఫెవ్ర్ చేరాడు. ఏడాది తిరిగేసరికి కారు సిద్ధం కావాలన్నారు, అయింది కూడా. విడిగా ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) లేదు, ఉక్కు బాడీయే బరువు మోస్తుంది. ఇంజిను తిప్పేది ముందు చక్రాలను. బ్రేకులు హైడ్రాలిక్. వీటిలో ఏ ఒక్కటీ అప్పుడే పుట్టింది కాదు గానీ, అన్నింటినీ కలిపి వేల సంఖ్యలో తయారుచేసే కారులో పెట్టడం మాత్రం సాహసమే. తొందర గుర్తులూ మిగిలాయి. అనుకున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పనిచేయలేదు. చివరి నిమిషంలో మూడు గేర్ల పెట్టె అమర్చారు. దాని గేర్ రాడ్ నేల మీద కాకుండా డ్యాష్‌బోర్డులోంచి పొడుచుకువచ్చేది. మొదటి కార్లలో ముందు చక్రాలకు శక్తినందించే కీళ్లు విరిగిపోయేవి.

1934 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. పెద్ద అప్పులిచ్చిన టైర్ల కంపెనీ మిషెలిన్ దాన్ని చేతిలోకి తీసుకుంది. 1935 జూలైలో ఆంద్రే సిట్రోయెన్ కన్నుమూశాడు. కారు మాత్రం 1957 దాకా తయారై ఏడున్నర లక్షలు దాటింది.

డీఎస్‌కు ఇంత హడావిడి లేదు. 1938లోనే మొదలైన ఆలోచన, మధ్యలో యుద్ధం. 1955 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో మొదటి రోజు సాయంత్రానికే 12,000 ఆర్డర్లు వచ్చాయి. పాల్ మాజెస్ రూపొందించిన సస్పెన్షన్‌లో, అంటే రోడ్డు కుదుపులను మింగే ఏర్పాటులో, స్ప్రింగుల పని గ్యాసూ ద్రవమూ చేస్తాయి. టైరు మార్చడం చూస్తే అర్థమవుతుంది. మీట తిప్పి కారును పూర్తిగా పైకి లేపి, పక్కన ఒక స్టాండు పెట్టి, మీటను మళ్లీ కిందికి తిప్పితే చాలు. ఆ వైపు చక్రాలు తామే నేల వదిలి పైకి ముడుచుకుంటాయి. జాకీ తిప్పే పనే లేదు. 1962 ఆగస్టులో పారిస్ శివార్లలోని పెటీ క్లమార్ దగ్గర ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌పై కాల్పులు జరిగినప్పుడు, టైర్లు పంక్చరైనా ఆయన డీఎస్ ఆగకుండా తప్పించుకుపోయింది.

ఆ సస్పెన్షన్ తొలి యజమానులను తక్కువ ఏడిపించలేదు. మొదట్లో వాడిన ద్రవం గాలిలోని తేమను పీల్చుకుని లోపలి భాగాలకు తుప్పు పట్టించేది. దాని స్థానంలో ఆకుపచ్చ ఖనిజ నూనె 1960ల మధ్యలో గానీ రాలేదు.

ఇంతకీ బానెట్ కింద ఏముంది? ఆరు సిలిండర్ల కొత్త ఇంజిను కోసం ప్రయత్నించి వదిలేశారు. 1,911 సీసీల ట్రాక్సియోన్ ఇంజినునే మెరుగుపరచి పెట్టారు. అది డీఎస్‌ను 1965 దాకా లాక్కొచ్చింది. అందుకే నా ఓటు పాత బండికే. డీఎస్ సస్పెన్షన్‌ను అనుసరించినవాళ్లు కొద్దిమందే. ఛాసిస్ లేని బాడీ, ముందు చక్రాల డ్రైవ్ మాత్రం ఈనాడు సామాన్యుడు కొనే చిన్న కార్లలో చాలావాటికి మామూలు విషయం.