ఫుల్ స్టాక్ నేర్చుకోవడం: బోర్డు మీది అపోహలు, పాల ఖాతాలో తేలే వాస్తవాలు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఏ సందులోకి తిరిగినా ఫుల్ స్టాక్ (వెబ్ అప్లికేషన్‌లో తెర, సర్వర్, డేటాబేస్ మూడూ కట్టే పని) బోర్డే. జావా ఫుల్ స్టాక్, పైథాన్ ఫుల్ స్టాక్, మెర్న్ (మోంగోడీబీ, ఎక్స్‌ప్రెస్, రియాక్ట్, నోడ్) ఫుల్ స్టాక్. ఒక్కో బోర్డు మీద పది పదిహేను పేర్లు వరసగా ఉంటాయి. అవన్నీ కలిసి చేసే పనేమిటో మాత్రం బోర్డు చెప్పదు. కొత్తవాళ్ల అపోహల్లో సగం అక్కడే పుడతాయి.

అందుకే ఇక్కడ ఒకే చిన్న అప్లికేషన్ పెట్టుకుని మాట్లాడుకుందాం: పాల ఖాతా. పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసే ఆయన ఆ రోజు ఎన్ని పాలు పోశాడో క్యాలెండర్ మీద రాసి, నెలాఖరుకి లెక్క చెప్తాడు చూడండి, అదే పని ఫోన్లో. చూడ్డానికి చాలా చిన్నది. కట్టడం మొదలుపెడితే తెలుస్తుంది.

అపోహ: ఫుల్ స్టాక్ అంటే అన్ని టెక్నాలజీలూ రావాలి

ఒక బటన్ నొక్కితే ఆ కబురు ఎక్కడిదాకా వెళ్లి ఎలా తిరిగొస్తుందో తెలియాలి, అంతే. "అర లీటరు" అని నొక్కగానే బ్రౌజర్ ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపుతుంది. పంపిందెవరో, అంకె సరైనదో కాదో సర్వర్ చూస్తుంది. డేటాబేస్‌లో ఒక వరస చేరుతుంది. సర్వర్ 201 (కొత్తది చేరింది) అని జవాబిస్తుంది, తెర మీద టిక్ పడుతుంది. మొదటిసారి ఈ దారి మొత్తాన్ని రియాక్ట్ (తెర కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) లేకుండానే పూర్తి చేయండి: ఒక మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం, ఒక నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపేది) సర్వర్, ఒక పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) టేబుల్.

ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పెట్టుకోండి. 400 వస్తే మీరు పంపినదాంట్లో తప్పుంది. 401 అంటే మీరెవరో సర్వర్‌కి తెలియలేదు, 403 అంటే తెలిసింది గానీ అనుమతి లేదు. 404 అంటే ఆ చిరునామాలో ఏమీ లేదు. 500 అంటే సర్వర్ లోపల ఏదో కూలింది, కాబట్టి బ్రౌజర్‌లో వెతక్కండి, సర్వర్ టెర్మినల్ చూడండి. ఈ ఐదు అంకెలు తెలియక తప్పు ఒక చోట ఉంటే ఇంకో చోట తవ్వుతూ రోజులు పోగొట్టుకుంటారు.

అపోహ: జావానా, పైథానా, మెర్నా అన్నది ముందు తేలాలి

కాలేజీలో జావా వచ్చినవాళ్లు స్ప్రింగ్ బూట్‌తో (జావాలో సర్వర్ రాసే ఫ్రేమ్‌వర్క్) వెళ్లండి. ఏదీ రానివాళ్లు జావాస్క్రిప్ట్‌తో మొదలుపెట్టండి. బ్రౌజర్‌లో ఎలాగూ అది తప్పదు, 2009లో నోడ్ వచ్చాక సర్వర్‌కీ అదే సరిపోతోంది. (జావాకీ జావాస్క్రిప్ట్‌కీ చుట్టరికం పేరులోనే. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారు చేసిన భాషకి, అప్పట్లో జావాకున్న గిరాకీ చూసి ఆ పేరు తగిలించారు.) ఏది పట్టుకున్నా పాల ఖాతా పూర్తయ్యేదాకా వదలకండి. రెండు నెలలకోసారి స్టాక్ మార్చేవాళ్లు ప్రతిసారీ మొదటి మెట్టు మీదే ఉంటారు.

అపోహ: హెచ్‌టీఎంఎల్ రెండ్రోజుల పని, జావాస్క్రిప్ట్ పైపైన చూసి రియాక్ట్‌లోకి దూకొచ్చు

రియాక్ట్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి రియాక్ట్‌తో సంబంధం ఉండదు. "బటన్ నొక్కితే పేజీ మొత్తం రీఫ్రెష్ అయిపోతోంది": ఫారం లోపలి బటన్‌కి టైప్ రాయకపోతే అది సబ్మిట్ బటనే. అది హెచ్‌టీఎంఎల్ నియమం. "2 లీటర్లకి 1 కలిపితే 21 వస్తోంది": ఇన్‌పుట్ పెట్టెలోంచి వచ్చే విలువ ఎప్పుడూ స్ట్రింగే (అక్షరాల వరసే), చూడ్డానికి అంకెలా ఉన్నా సరే. దాన్ని నంబర్‌గా మార్చాకే కూడాలి. "సర్వర్ ఎర్రర్ ఇచ్చినా నా క్యాచ్ (ఎర్రర్ని పట్టే కోడ్) పట్టుకోవట్లేదు": సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫెచ్ దృష్టిలో 404, 500 కూడా వచ్చిన జవాబులే. నెట్‌వర్క్ తెగిపోవడం లాంటివైతేనే అది క్యాచ్‌లోకి వెళ్తుంది, మిగతావాటికి జవాబులోని ఓకే విలువ మీరే చూసుకోవాలి. ఇక డేటా రావాల్సిన చోట "ప్రామిస్" అని కనిపించిందంటే, జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే అవెయిట్ ఎక్కడో ఒకటి మర్చిపోయారన్నమాట.

అపోహ: మోంగోడీబీ వస్తే ఎస్‌క్యూఎల్ అక్కర్లేదు

కొత్తవాళ్లకు ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఎస్‌క్యూఎల్ అంటే టేబుళ్ల డేటాబేస్‌తో మాట్లాడే భాష, మోంగోడీబీ టేబుళ్లు లేకుండా డాక్యుమెంట్లుగా దాచే డేటాబేస్. మోంగోడీబీ చెడ్డదని కాదు. లెక్కల పుస్తకంలా ఒకదానికొకటి ముడిపడ్డ సమాచారానికి టేబుళ్లు బాగా నప్పుతాయి, ఉద్యోగాల్లో ఎదురయ్యేది ఎక్కువగా అలాంటి సమాచారమే.

పాల ఖాతాకి మూడు టేబుళ్లు చాలు: ఇళ్లు, పోతలు, చెల్లింపులు. పోతల టేబుల్‌లో ఒక్కో వరసకీ ఏ ఇల్లు, ఏ తేదీ, ఏ పూట, ఎన్ని మిల్లీలీటర్లు, ఆ రోజు లీటరు ధర ఎంత అన్నవి ఉండాలి. ధర ఇళ్ల టేబుల్‌లో ఒకటి ఉంది కదా, మళ్లీ ఇక్కడెందుకు అనిపిస్తుంది. వచ్చే నెల ధర 72 నుంచి 76 రూపాయలకు పెరిగిందనుకోండి. పాత బిల్లులు కూడా 76 చొప్పున మారిపోతాయి, ఇంటావిడ ఊరుకోదు. ఆ రోజు ధర ఆ రోజు వరసలోనే ఉండాలి.

డబ్బుని పైసల్లో పూర్ణాంకంగా దాచండి. జావాస్క్రిప్ట్‌లో 19.99ని 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది, దశాంశాలతో ఈ తంటా తప్పదు. 750 మిల్లీలీటర్లు, లీటరు 7200 పైసలు: గుణించి 1000తో భాగిస్తే 5400 పైసలు, అంటే 54 రూపాయలు. రూపాయల్లోకి మార్చడం తెర మీద చూపించేటప్పుడే.

నెట్ మందంగా ఉన్నప్పుడు ఆయన బటన్ రెండుసార్లు నొక్కుతాడు, రెండు వరసలు పడతాయి. బటన్‌ని డిసేబుల్ చేస్తే సరిపోతుందనుకుంటారు గానీ, పేజీ రీలోడ్ చేసి మళ్లీ నొక్కితే అదీ ఆపలేదు. ఇల్లు, తేదీ, పూట మూడింటినీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయిక రెండోసారి రాకూడదన్న నియమం) పెట్టండి. రెండో వరసని డేటాబేసే వెనక్కి కొడుతుంది. పోస్ట్‌గ్రెస్ అప్పుడు 23505 అనే కోడ్ ఇస్తుంది, దాన్ని పట్టుకుని 409తో (ఉన్నదానితో పొత్తు కుదరలేదని చెప్పే కోడ్) "ఈ పూట ఇప్పటికే రాశారు" అని జవాబివ్వాలి.

ఇప్పుడు అసలు పరీక్ష, నెలాఖరు బాకీ. మొదటిసారి రాసే క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) ఇళ్లకి పోతల్నీ చెల్లింపుల్నీ ఒకేసారి జాయిన్ చేసి (టేబుళ్లని కలిపి) రెండిటికీ సమ్ కడతారు. ఒక ఇంటికి 30 పోతలు, 2 చెల్లింపులు ఉంటే జాయిన్‌లో 60 వరసలు తయారవుతాయి. పాల మొత్తం రెట్టింపవుతుంది, కట్టిన డబ్బు 30 రెట్లవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, తప్పు అంకె మాత్రం దర్జాగా కనిపిస్తుంది. పోతల మొత్తం విడిగా, చెల్లింపుల మొత్తం విడిగా కట్టుకుని, ఆ తర్వాత ఇంటితో లెఫ్ట్ జాయిన్ (ఏ ఇల్లూ జారిపోకుండా కలపడం) చేయాలి. ఆ నెల ఒక్క పైసా కట్టని ఇంటికి నల్ (విలువే లేదన్న గుర్తు) వస్తుంది, నల్‌తో ఏం తీసివేసినా నల్లే. కోయలెస్‌తో దాన్ని సున్నా చేయండి. ఈ ఒక్క క్వెరీ కాగితం మీద రాసి వివరించగలిగితే ఎస్‌క్యూఎల్‌లో మీ పునాది గట్టిదే.

అపోహ: తేదీలు, అక్షరాలు ఏ భాషైనా సరిగ్గానే చూసుకుంటుంది

పాలు పోసేది తెల్లవారుజామున ఐదింటికి. ఈ రోజు తేదీ కోసం చాలామంది టు ఐఎస్ఓ స్ట్రింగ్ వాడి, మొదటి పది అక్షరాలు కత్తిరించుకుంటారు. అది ఎప్పుడూ యూటీసీ సమయమే ఇస్తుంది. మనకన్నా ఐదున్నర గంటలు వెనక, అంటే అక్కడ ఇంకా నిన్న రాత్రి 11:30. పొద్దున ఐదున్నర లోపు పోసిన పాలన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి. మీరు మధ్యాహ్నం కూర్చుని పరీక్షిస్తే ఈ తప్పు జన్మలో దొరకదు. లాప్‌టాప్‌లో బాగుండి సర్వర్ మీద మాత్రమే తేదీ మారుతోందంటే కారణం దగ్గరిదే: సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో ఉంటుంది. పోసిన తేదీని డేట్ రకం గడిలో దాచండి, "ఏషియా/కోల్‌కతా" టైమ్ జోన్ పేరు చెప్పి మరీ లెక్క కట్టించండి.

పేర్ల దగ్గర ఇంకో తమాషా. "వెంకటేశ్వర్లు" అన్న పేరుని మనం ఐదు అక్షరాలుగా చదువుతాం. జావాస్క్రిప్ట్ లెంగ్త్ అడిగితే 13 అంటుంది, ఎందుకంటే గుణింతాలు, సున్నా, పొల్లు, వత్తు కింది హల్లు అన్నీ విడివిడిగానే లెక్క. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 39. పేరు పది అక్షరాలు దాటకూడదని ఫారంలో రాశారో, వెంకటేశ్వర్లు గారికి మీ దగ్గర ఖాతా లేనట్టే.

అపోహ: కోడ్ ఏఐ రాస్తుంది కదా, నేర్చుకోవడం దేనికి

రాస్తుంది, బాగానే రాస్తుంది. పైన చెప్పిన తప్పుల్ని కూడా అంతే ధీమాగా రాయగలదు. కొత్తవాళ్లు అడిగే పద్ధతిలో అడిగితే ముఖ్యంగా ఒకటి జారిపోతూ ఉంటుంది. బ్రౌజర్ చిరునామాలో ఇంటి నంబరు 12ని 13 చేసి ఎంటర్ కొట్టండి. పక్కింటివాళ్ల బాకీ కనిపించిందంటే లాగిన్ ఉన్నా లేనట్టే. ఆ ఇల్లు ఈ లాగిన్‌ది అవునా కాదా అని ప్రతి క్వెరీలోనూ సర్వర్ చూడాలి. పాస్‌వర్డ్ బీక్రిప్ట్ లాంటిదానితో హ్యాష్ (వెనక్కి తిప్పలేని రూపం) అయి చేరుతోందా, క్వెరీలో విలువల్ని స్ట్రింగ్‌లా అతికిస్తున్నారా లేక పారామీటర్లుగా పంపుతున్నారా, ఈ రెండూ మీ కళ్లతో చూసుకోండి. మొదటి మూడు నెలలూ ఏఐ చేత కోడ్ రాయించుకోకండి. మీరు రాసినదాన్ని చూపించి తప్పులు అడగండి.

అపోహ: నా లాప్‌టాప్‌లో నడుస్తోంది, అయిపోయినట్టే

వాట్సాప్‌లో స్నేహితుడికి లోకల్‌హోస్ట్:3000 లింక్ పంపి "ఓపెన్ చెయ్ రా" అనడం అందరూ ఒకసారి చేసేదే. లోకల్‌హోస్ట్ అంటే ఎవరి మిషన్ వాళ్లకే. సర్వర్ మీదికి ఎక్కించేటప్పుడు విరిగేవి దాదాపు ఎప్పుడూ ఇవే. విండోస్‌లో "హెడర్" ఫైలు పేరు పెద్దక్షరంతో ఉన్నా చిన్నక్షరంతో ఉన్నా ఇంపోర్ట్ నడుస్తుంది, లైనక్స్‌లో అవి రెండు వేరు పేర్లు. పోర్ట్ నంబరు కోడ్‌లో రాసేస్తే హోస్టింగ్ ఇచ్చిన పోర్ట్‌తో కుదరదు. చాలా ఉచిత హోస్టింగ్‌లలో డిస్క్ తాత్కాలికం, అప్‌లోడ్ చేసిన ఫొటోలు మళ్లీ డిప్లాయ్ చేయగానే (సర్వర్ మీదికి ఎక్కించగానే) మాయం.

కోర్స్ (CORS) ఎర్రర్, అంటే వేరే చిరునామాలోని సర్వర్ జవాబుని బ్రౌజర్ అడ్డుకోవడం, కూడా ఎక్కువగా ఈ దశలోనే పలకరిస్తుంది. పోస్ట్‌మన్‌లో (రిక్వెస్టులు పంపి చూసే టూల్) పనిచేసి బ్రౌజర్‌లో చేయకపోతే ఫ్రంటెండ్‌లో మార్చడానికేమీ లేదు. ఏ చిరునామాకి అనుమతి ఉందో సర్వరే హెడర్‌లో చెప్పాలి.

డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న డాట్ ఎన్వ్ ఫైలు (రహస్య సెట్టింగులు రాసుకునేది) గిట్‌హబ్‌కి (కోడ్ దాచే సైట్) వెళ్లిపోతే, ఆ ఫైలు తీసేసి మళ్లీ పుష్ చేయడంతో పని అవదు, గిట్ (కోడ్ మార్పుల్ని నమోదు చేసే టూల్) చరిత్రలో అది అలాగే ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ మార్చండి, చరిత్ర సంగతి తర్వాత.

అపోహ: మూడు నెలల్లో ఫుల్ స్టాక్

రోజుకి ఎనిమిది గంటలు కూర్చుంటే కావచ్చు. కాలేజీయో ఉద్యోగమో చూసుకుంటూ రోజుకి రెండు గంటలైతే మా అంచనా ఇది: హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌కి 4 వారాలు, జావాస్క్రిప్ట్‌కి 10, ఎస్‌క్యూఎల్‌కి 5, సర్వర్, లాగిన్‌లకి 6, రియాక్ట్‌కి 6, డిప్లాయ్ చేసి సరిచేసుకోవడానికి 3. మొత్తం 34 వారాలు, దాదాపు ఎనిమిది నెలలు. గిట్‌కి విడిగా వారాలు వేయలేదు, మొదటి రోజు నుంచీ రోజూ ఒక కమిట్ (మార్పుల నమోదు) పడుతూనే ఉండాలి. లాప్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్ చాలు.

రెజ్యూమేలో పది క్లోన్ ప్రాజెక్టులు పెట్టేకన్నా ఇలాంటిది ఒక్కటి పెట్టండి, లింక్ తెరుచుకునేలా ఉంచండి. లాగిన్ అడిగే అప్లికేషన్ అయితే చూసేవాళ్ల కోసం ఒక డెమో ఖాతా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పక్కనే రాయండి. అది రాయకపోతే లాగిన్ పేజీ దాటి ఎవరూ లోపలికి రారు.